స్నానానికి దిగినవాడి విగ్గు

2007లో నేను బాపట్లలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. అంటే ఉద్యోగి కాని విలేకరి. సూర్యలంక తీరం నా పరిధిలోదే. టీవీ సీరియళ్ల వాళ్లు పాటకో, పోరాటానికో అక్కడికి తరచుగా వచ్చేవారు. సముద్రంలో ఎవరు మునిగిపోయినా మేం రాసే వాక్యం ఒకటే: ‘స్నానానికి దిగి గల్లంతయ్యాడు.’ పోలీస్ స్టేషన్‌లో అలాగే చెప్పేవారు.

ఆ వేసవిలో ఒక ఉదయం షూటింగ్ ఫొటో కోసం వెళ్లాను. పాటలో హీరో సర్ఫింగ్ బోర్డు మీద నిలబడి అలలపై జారుతూ రావాలి. మా వైపు అప్పటికి ఎవరూ ఎరగని ఆట అది. హీరోకి ఈత రాదు. అందుకని తెనాలి నుంచి షఫీ అనే వెల్డర్‌ను డూప్‌గా తెచ్చారు. డూప్ అంటే ప్రమాదమున్న చోట నటుడి బదులు కనబడే మనిషి. ఒడ్డూ పొడుగూ అచ్చం హీరోదే. తేడా బట్టతల ఒక్కటే. దాన్ని ఒక ఉంగరాల విగ్గుతో కప్పి, గమ్ పూసి, చుట్టూ క్లిప్పులు బిగించారు.

“దీన్ని ఇంతకు ముందు ఎక్కావా తమ్ముడూ?” అన్నాను.

“నిన్నే నేర్చుకున్నానన్నా. పది సార్లు పడితే ఒకసారి నిలబడతన్నా,” అని నవ్వాడు. విగ్గు తడుముకుని, “పెళ్లిలో బట్టతలోడని మా మరదళ్లు ఒకటే ఏడిపించారు. ఇప్పుడు రమ్మనండి, చూద్దాం!” అన్నాడు.

ఫొటో తీసుకుని ఊళ్లోకి వచ్చేశాను. మధ్యాహ్నానికి షఫీ గల్లంతయ్యాడని కబురు. తిరిగి వెళ్లేసరికి షూటింగ్ మేనేజర్ ఎస్సైతో చెబుతున్నాడు: “షాట్ అయిపోయింది సార్. భోజనాల టైమ్‌లో తనే స్నానానికి దిగాడు. వద్దన్నా వినలేదు.”

లైట్‌మన్ ఒకాయన నన్ను వ్యాను చాటుకు పిలిచాడు. “బోర్డుకీ కాలికీ మధ్య తాడుంటదండి, లీష్ అంటారు. పడినా బోర్డు అందుద్ది. ఫ్రేమ్‌లో కనబడతందని విప్పించేశారు. నా పేరు మాత్రం రాయకండి.”

పేరు చెప్పకుండా ఆ మాట ఎస్సై చెవిన వేశాను. “సాక్షిని తీసుకురండి,” అన్నాడాయన.

మర్నాడు ఉదయం శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. షఫీ భార్య నసీమా తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఆసుపత్రి మార్చురీకి వచ్చింది. గుడ్డ తీశారు. ముఖం ఉబ్బి పోలిక తెలియడం లేదు. ఆమె చూపు జుట్టు మీద ఆగింది.

“ఈయన కాదండీ! మా ఆయనకి ఇంత జుట్టేదండీ?” అంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని, “పదరా, ఇంకెక్కడన్నా వెతుకుదాం,” అంటూ వెనక్కి తిరిగింది.

పక్కనే పంచనామా రాస్తున్న ఎస్సై ఆమెను ఆగమన్నాడు. మార్చురీ మనిషి ఒక్కో క్లిప్పూ విప్పాడు. విగ్గు అతని చేతిలోకి వచ్చేసింది. నసీమా ఉన్నచోటే కూలబడిపోయింది.

కొంతసేపటికి మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు. “సార్, ఆ విగ్గు మాదండి. కంటిన్యుటీకి కావాలి,” అన్నాడు. కంటిన్యుటీ అంటే ముందు తీసిన షాట్‌లో ఎలా ఉన్నారో తర్వాతి షాట్‌లోనూ అలాగే కనబడటం. మిగతా పాటకు ఇంకో మనిషిని పెట్టుకున్నారని అప్పుడర్థమైంది.

నసీమా తలెత్తింది. “స్నానానికి దిగాడన్నారంటగా? స్నానానికి దిగేవాడు మీ జుట్టు పెట్టుకుని దిగుతాడా అండీ?”

“అది కాదమ్మా...”

“ఏది కాదు? ఆయన పనికొచ్చాడు. పనిలో పోయాడు. సార్, అదే రాయండి. మీ నాన్న నీళ్లలో ఆడుకోబోయి చచ్చిపోయాడని నా పిల్లలకి చెప్పమంటారా?”

ఎస్సై విగ్గును తన దగ్గరే ఉంచుకున్నాడు. రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి కొత్తగా మొదలుపెట్టాడు.

పని చేస్తూ చనిపోయాడనే నేను వార్త పంపాను. డెస్క్, అంటే వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే విభాగం, దానికి ‘షూటింగ్‌లో డూప్ మృతి’ అని పెట్టింది. కొన్నాళ్లకు తెనాలి వెళ్లినప్పుడు ఆ పేపర్ నసీమాకు ఇచ్చాను. ఆమె శీర్షిక మీద వేలు పెట్టింది.

“డూప్ అంటే ఇంకొకళ్ల బదులు చేసేవాడేగా అండీ?”

“అవునమ్మా.”

“చావడం మాత్రం ఎవరి బదులూ కాదుగా. ఆయనే పోయాడు. మరి పైన పేరు లేదేంటండీ?”

పేరు మూడో వాక్యంలో ఉందని చూపించబోయి ఊరుకున్నాను. ఆ తర్వాత ఎవరి చావు రాసినా మొదటి మాటగా పేరే పెట్టి పంపాను. డెస్క్ వాళ్లు చాలాసార్లు కిందికి జరిపారు. నేను మాత్రం పైనే రాస్తూ వచ్చాను.