పందుల దగ్గర ఆగిపోయిన కథ

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తరువాతి వేసవిలో, నా రిటైర్‌మెంటుకు కొద్ది నెలల ముందు, వాటర్లూలోని మా స్టూడియోలో నాకొక బాధ్యత అప్పగించారు. పసిఫిక్ సముద్రంలోని వనువాతు దేశం నుంచి, అక్కడి ఒక చిన్న దీవి నుంచి, లేయా అనే కథకురాలు వస్తున్నారు. ఆవిడ చేత కొన్ని బైబిలు కథలు ఆవిడ భాషలో చెప్పించి, రికార్డు చేయించి, తప్పొప్పులు చూసి ఆమోదించాలి. మామూలుగా ఆ పని దీవిలోనే జరగాలి. అక్కడి రికార్డింగ్ గది తుఫానులో పైకప్పుతో సహా పోయింది కనుక ఆవిడనే కెనడాకు రప్పించారు.

నా హోదా సీనియర్ కన్సల్టెంట్. పైన రీజినల్ డైరెక్టర్, కింద రికార్డిస్టులు, ఎడిటర్లు. పేరు ఘనంగా ఉంటుంది గాని కన్సల్టెంట్ చేసేది ముఖ్యంగా వినడమే. మెలనీషియా దీవుల్లో చదువుకోవడం కంటే చెప్పుకోవడం అలవాటైన జనం ఎక్కువ. వాళ్లకు సువార్తను పుస్తకంగా ఇస్తే చూరులో దోపి మరిచిపోతారు, కథగా ఇస్తే ఊరూరా తిరుగుతుంది. అందుకని కథకులు బైబిలు వాక్యభాగాన్ని పదేపదే విని, పుస్తకం చేతిలో లేకుండా, తమ పెద్దలు పాత కథలు చెప్పే పద్ధతిలోనే తిరిగి చెప్తారు. తరువాత ఆ కథ ఎన్నడూ వినని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి వినిపిస్తాం. ఆ మనిషి విన్నదాన్ని బిస్లామాలో, అంటే అక్కడి దీవులన్నీ పంచుకునే భాషలో, నాకు చెప్పాలి. దాన్ని మేం తిరుగు చెప్పుడు అనేవాళ్లం. అందులో ఏది జారిపోయింది, ఏది కొత్తగా వచ్చి చేరింది అని చూసుకోవాలి. ఏళ్ల తరబడి ఆ దీవులకు వెళ్లి వస్తుండటంతో బిస్లామా నాకు బాగానే పట్టుబడింది.

లేయా గారి కథల్లో నన్ను అన్నిటికంటే తిప్పలు పెట్టింది తప్పిపోయిన కుమారుడి కథ. ఆస్తంతా తగలేసిన చిన్నకొడుకు పరాయి దేశంలో పందులు మేపుతాడు. యూదులకు అంతకు మించిన అవమానం లేదు. లేయా గారి దీవిలోనేమో పంది అంటే సిరి. పెళ్లి జరగాలన్నా తగవు తీరాలన్నా పంది ఉండాలి. తొలిసారి విన్న ముసలాయన, కుర్రాడికి మంచి పనే దొరికింది కదా, ఇంక ఇంటికెందుకు పోవడం అన్నాడు. ఆవిడ ఇంకా దీవిలో ఉండగానే వీడియో కాల్‌లో దాని మీద చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. పందుల్ని తీసేయడానికి వీల్లేదు, వాక్యంలో ఉన్నవి. చివరికి ఆవిడే దారి చెప్పారు. కుర్రాడు పందులకు తిండి పెడతాడు, పొద్దుగూకాక మాత్రం ఒక్కరైనా వాణ్ని తమ పొయ్యి దగ్గరికి రమ్మనరు. ఎవరూ వాడికి ఏమీ పెట్టలేదన్న మాట వాక్యంలో ఉండనే ఉంది, ఆవిడ దాన్ని సాగదీసి చెప్పారంతే. ఈసారి ఆ ముసలాయన, అయితే వాడు ఇంటికి పోవలసిందే అన్నాడు. నేను ఆ భాగానికి ఆమోదం ఇచ్చాను.

ఆ కథ మీద ఆవిడకు అంత పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఆస్ట్రేలియా తోటల్లో పళ్లు కోసే పనికి వెళ్లి, కాంట్రాక్టు మధ్యలో వదిలేసి ఎటో పోయాడు. దీవిలో అందరికీ తెలిసిపోయిందన్న సిగ్గుతో ఇంటికి ఫోన్ చేయడు. తల్లి పంపిన మెసేజీలు చూస్తాడు, జవాబివ్వడు. రికార్డు కాగానే ఆ కథను తన గొంతుతో వాడి ఫోనుకు పంపాలని ఆవిడ అంత దూరం వచ్చారు. నాతో ఆ మాట దాచకుండా చెప్పారు.

ఇక అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. మనవైపు పిల్లలకు కథ చెప్తూ ఊ కొట్టమంటాం, వాళ్లు ఊ కొట్టకపోతే నిద్రపోయారని ఆపేస్తాం. లేయా గారి దీవిలో ఊ కొట్టడం పెద్దవాళ్ల పని, పైగా బాధ్యత. గొంతులోంచి చిన్నగా 'ఏ' అంటారు. విన్నవాళ్లు అలా అంటుంటే కథకు దారి ఇచ్చినట్టు. అనడం మానేస్తే, చాలు, నీ కథ మాకొద్దు అని చెప్పినట్టు. కథకుడు అక్కడితో ఆపి లేచిపోవాలి. అలా తిప్పికొట్టిన కథను, ఆ విన్నవాళ్లే మళ్లీ అడిగేదాకా, ఆ కథకుడు ఇంకెక్కడా చెప్పకూడదు. కథకుణ్ణి వెంటబెట్టుకొచ్చిన మనిషి గాని, ఆ మనిషి ఇంటివాళ్లు గాని ఊ కొట్టినా, అడిగినా లెక్కలోకి రాదు, వాళ్లు కథకుడి పక్షం కనుక.

రికార్డింగ్ సోమవారం మొదలు కావాలి. ముందురోజు ఆదివారం ఆవిణ్ని ఏదైనా చర్చి సంఘానికి తీసుకెళ్లి పరిచయం చేయమని డైరెక్టర్ అన్నారు. ఓక్‌విల్‌లో మా తెలుగు సంఘం ఉందిగా అని నేనే ముందుకొచ్చాను. గుంటూరు, తెనాలి, నరసాపురం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు, మూడు తరాలుగా వాక్యం విన్నవాళ్లు. ఇంతకంటే మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారనుకున్నాను. సంఘ కార్యదర్శి జయరాజుకు ఊ కొట్టే సంగతి వారం ముందే ఫోన్‌లో చెప్పాను, కథకు ముందు అందరికీ ప్రకటించమన్నాను. "అలాగే అన్నా, అదెంతసేపు" అన్నాడు. ఆవిడ భాష మనవాళ్లకు రాదు కనుక కథ సారాంశం తెలుగులో స్లైడ్లుగా చేసి ఇచ్చాను.

ఆదివారం కార్యక్రమం ఎప్పటిలాగే సాగింది. ప్రత్యేక గీతాలు అనుకున్నదానికంటే ఎక్కువయ్యాయి. దేవుడు తనకు చేసిన మేళ్లు చెప్పుకునే ఒకరి సాక్ష్యం తెగలేదు. అతిథులను పేరుపేరునా పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. హాలు అద్దెకు తీసుకున్నది, సమయానికి ఖాళీ చేయాలి. జయరాజు గడియారం చూసుకుంటూ మైకు అందుకుని, ఇప్పుడు మన సహోదరి లేయా గారు తప్పిపోయిన కుమారుడి కథ చెప్తారు, అందరూ దయచేసి నిశ్శబ్దంగా భక్తితో విందాం అన్నాడు. ఊ కొట్టే మాట అననే లేదు. నేను లేచేలోపే ఆవిడ మొదలుపెట్టారు.

ఆవిడ కుర్చీ వద్దని నేల మీద కూర్చుని చెప్పారు. చేతులు తొడల మీద తట్టుకుంటూ, గొంతు పైకీ కిందికీ నడుపుతూ. తండ్రి ఆస్తి పంచి ఇచ్చిన చోట ఆగి చూశారు. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. మన దృష్టిలో అంతకు మించిన మర్యాద లేదు. మా సంఘంలో చంటిపిల్లలు సైతం అంత బుద్ధిగా కూర్చున్న రోజు నేనెరగను. నేను ముందు వరసలో, సూటూ టైతో, గట్టిగానే 'ఏ' అన్నాను. అందరూ నావైపు తిరిగారు. పక్కన నా భార్య సుగుణ నా మోచేయి పట్టుకుని, "ఏవండీ, బాగానే ఉన్నారా?" అంది. వెనక నుంచి ఎవరో ష్ అన్నారు. మళ్లీ అన్నాను. ఒక పెద్దాయన మంచినీళ్ల సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నావాళ్ల ముందు సిగ్గు, ఆవిడ ముందు అంతకంటే సిగ్గు.

ఆవిడ అందరి మొహాలూ చూస్తూ ఇంకాస్త సాగించారు. కుర్రాడు పందుల దగ్గరికి చేరాడు. పొద్దుగూకింది. ఊళ్లో పొయ్యిలు వెలిగాయి. అక్కడ ఆగారు, ఆగి చాలాసేపు ఎదురుచూశారు. హాలంతా కళ్లు మూసుకుని, తలలు వంచుకుని ఉంది. ఆవిడ తలవంచి లేచారు. ఆవిడ లేవడం చూసి స్లైడ్లు నడిపే అమ్మాయి, తాను వెనకబడ్డానేమోనన్న కంగారులో చివరి స్లైడుకు వెళ్లింది. తండ్రి పరుగెత్తుకొచ్చి కొడుకును కౌగిలించుకున్నాడని తెర మీద పడింది. అందరూ ఆమేన్ అని చప్పట్లు కొట్టారు. జయరాజు శాలువా తెచ్చి ఆవిడకు కప్పాడు. ఫొటోలు తీశారు.

భోజనాల దగ్గర జయరాజును పక్కకు పిలిచాను. కథ సగంలో ఆగిందని చెప్తే అతను నిజంగానే కంగారుపడ్డాడు. "అయ్యో, నాకు తెలీలేదన్నా. లేట్ అయిపోయింది, ఆ అనౌన్స్‌మెంట్ స్కిప్ చేశా. అయినా చర్చిలో ఊ కొట్టమంటే పెద్దవాళ్లు ఏమనుకుంటారోనని" అన్నాడు. పర్వాలేదు, ఇప్పుడు మీరంతా మిగతా కథ చెప్పమని ఆవిణ్ని అడగాలి అన్నాను. ఎందుకు అడగాలో, అడగకపోతే ఏమవుతుందో, ఆవిడ కొడుకు సంగతితో సహా అంతా చెప్పాను. బిర్యానీ ప్లేట్లతో నలుగురు పెద్దలు చుట్టూ చేరారు. అందరూ మంచివాళ్లే, అందరూ నొచ్చుకున్నారు.

"ఇంకో ఛాన్స్ ఇద్దామన్నా, దాందేముంది. నెక్స్ట్ మంత్ సెకండ్ సండే ఖాళీగా ఉంది" అన్నాడు జయరాజు. ఆవిడ శనివారమే వెళ్లిపోతున్నారు, ఇక్కడే, ఇప్పుడే అడిగితే చాలన్నాను. జయరాజు ఇబ్బందిగా నవ్వాడు. "మనం పిలిచి స్టేజీ ఇచ్చాం, శాలువా కప్పాం. మళ్లీ మనం అడగడం ఏంటన్నా? మనకు తెలిసిన కథే కదా." పక్కనున్న పెద్దాయన అవునన్నట్టు తలాడించి, సండే స్కూలు నుంచీ వింటున్నాం, కంఠతా వచ్చు అన్నారు. అందరూ ఆవిడ దగ్గరికి వెళ్లి సారీ చెప్పారు. గోంగూర వేశారు, పులిహోర కట్టి ఇచ్చారు. మళ్లీ రమ్మన్నారు. వాళ్లలో ఒక్కరు, కనీసం మాటవరసకు, తరువాత ఏమైందమ్మా అని అడుగుతారేమోనని నేను గిన్నెలు సర్దేదాకా చూశాను.

వాటర్లూ వెళ్లే దారిలో ఆవిడ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కథ వద్దన్నారు గాని బట్ట పెట్టి మర్యాదగానే పంపారు అన్నారు. నేను డ్రైవ్ చేస్తూనే క్షమాపణ చెప్పుకున్నాను. వాళ్లు వద్దనలేదని, మా దగ్గర మౌనమంటే గౌరవమని చెప్పాను. ఆవిడ విని, మీ అలవాటు అది అయ్యుండొచ్చు అన్నారు. మరి ఆ కుర్రాడు ఇల్లు చేరాడో లేదో తెలుసుకోవాలని ఒక్కరికీ అనిపించలేదా బ్రదర్ అని అడిగారు. వాళ్లందరికీ ఆ కథ ముందే తెలుసు అన్నాను.

"మా పెద్దల కథలు మా ఊళ్లో మాత్రం తెలియనిదెవరికి, అయినా అడుగుతాం" అన్నారు ఆవిడ.

సోమవారం మిగిలిన కథలన్నీ చక్కగా రికార్డయ్యాయి. ఊ కొట్టడానికి ఆవిడ దీవివాళ్లే వీడియో కాల్‌లో ఉన్నారు. తప్పిపోయిన కుమారుడి వంతు వచ్చేసరికి ఆవిడ మైకు ముందు నుంచి లేచారు. డైరెక్టర్ మా ఇద్దర్నీ పక్కగదిలోకి పిలిచి, ఓక్‌విల్‌లో జరిగింది మీ ఊరికి తెలియదు కదా, తలుపులు మూసుకుని చెప్పేస్తే సరిపోతుంది అన్నారు. ఆ మాట బిస్లామాలో ఆవిడకు చెప్పవలసిన పని నాది. చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నా కొడుకు దొంగచాటుగా బతుకుతున్నాడు, వాడికి దొంగచాటు కథ పంపమంటారా అన్నారు. ఆ జవాబు ఇంగ్లీషులో చెప్తే డైరెక్టర్ తల దించుకుని ఫైలు మూసేశారు.

ఆ వారమంతా జయరాజుకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. గురువారం ప్రార్థన కూడికలో అందరికీ చెప్పి అడిగిస్తానన్నాడు, ఆ రోజు ఎవరింట్లోనో పుట్టినరోజు ఆరాధన వచ్చింది. అడగమని వాళ్లను మరీ ఒత్తిడి చేస్తే అది నేను అడిగినట్టవుతుంది, నేను అడిగితే చెల్లదు. శనివారం ఎయిర్‌పోర్టులో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, వాళ్లలో ఎవరు ఎప్పుడు అడిగినా, ఫోన్‌లో అడిగినా సరే, చెప్తానన్నారు. నెంబరు ఇచ్చి వెళ్లారు. ఆ నెంబరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి.

రిటైరయ్యేముందు మా శిక్షణ నిబంధనల్లో ఒకటి మార్పించాను. కథను కొత్త చోట చెప్పించేముందు కథకుణ్ణి కాదు, వినేవాళ్లను తయారు చేయాలి. ఎలా వినాలో కన్సల్టెంటే స్వయంగా వాళ్ల ముందు నిలబడి చెప్పాలి, ఇంకొకరి ప్రకటనకు వదలకూడదు. కథ ముందే తెలిసినవాళ్లు మంచి శ్రోతలని నేను వృత్తి పొడుగునా నమ్మాను. అది తప్పు. తెలిసిన కథను అడిగి చెప్పించుకునేవాళ్లే శ్రోతలు, మిగిలినవాళ్లు హాజరైనవాళ్లు.

నేను ఇప్పటికీ ఆ సంఘానికే వెళ్తున్నాను. ఆ వాక్యభాగం మీద ప్రసంగం జరిగిన ప్రతిసారీ తల వంచుకుని కూర్చుంటాను. లేయా గారు కొత్త సంవత్సరానికి శుభాకాంక్షలు పంపుతారు. కొడుకు ఇంకా మెసేజీలు చూస్తూనే ఉన్నాడట. ఓక్‌విల్ నుంచి ఇప్పటిదాకా ఎవరూ ఫోన్ చేయలేదు.