తోడు స్లైడు

జగిత్యాలలో ల్యాబు నడిపే మేడమ్ గుండె ఆగి పోయారని మొన్న కోరుట్ల నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. వినగానే మా ఆయన సాంచె ఆపేశారు. ఆయన చెయ్యి మెడ మీది కుట్ల గీతను తడుముకుంది.

సిరిసిల్లలో మాది మరమగ్గాల పని. సాంచెలంటాం. పోయిన ఏడాది ఆయన మెడకు గడ్డ లేచింది. డాక్టరు ముక్క తీసి మేడమ్ దగ్గరికి పంపారు. కండ నుంచి పుట్టిన చెడ్డ గడ్డ అయితే మనిషి దక్కడం కష్టమన్నారు. ఆయన జ్వరంతో లేవలేక, రిపోర్టుకు నేనొక్కదాన్నే బస్సెక్కాను.

కొత్తచోట నాకు నోరు పెగలదు. గోడకానుకొని నిలబడితే మేడమే లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎవరు ఎదురుచూస్తున్నా అంతేనట. బయట కూర్చుంటే భయం ఇంకింత పెరుగుతుందనేవారట.

ముక్క మీద వేసే యాంటీబాడీ ఒక రకం ప్రొటీనును వెతికి అతుక్కుంటుందని, అతుక్కున్నచోట గోధుమరంగు వస్తుందని నాకు అర్థమయ్యేలా చెప్పారు. అంతలో లోపల పనిచేసే అమ్మాయి మా ముక్క స్లైడు తెచ్చింది.

"కండ ప్రొటీన్‌కు రంగు పట్టింది మేడమ్."

అంటే ఆ చెడ్డ గడ్డే అనుకొని లేవబోయాను. మేడమ్ చాలాసేపు మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

"తొందరపడకు. రంగు పట్టింది తెల్లకణాలకు. రోగం కాడికి పాక్కుంట పోవాల్నంటె వాటికి గూడ కండలున్న అసొంటి ప్రొటీనే గావాలె. గీ యాంటీబాడీ రెండిట్ల దాన్నీ పడ్తది."

అసలు కండను మాత్రమే పట్టే ఇంకో యాంటీబాడీ వేయమని ఆ అమ్మాయికి చెప్పారు. పక్కన, కండేనని ముందే తెలిసిన ముక్క ఉన్న స్లైడు పెట్టమన్నారు. దాన్ని ఆమె 'తోడు' అనేవారు. తోడు లేని స్లైడును నమ్మేవారు కాదు. మా నాయన నూలుకు రంగు వేసేవాడు. పాత నమూనా పోగు పక్కన పెట్టి చూడనిదే కొత్త నూలు లచ్చిని బయటికి పంపేవాడు కాదు. ఆ మాట మెల్లగా చెప్పాను.

"అయితె నీకు జెప్పే పనే లేదు బిడ్డా. ఇద్దరం గల్సి సూద్దాం" అని నవ్వారు.

మధ్యాహ్నం తన డబ్బాలోని అన్నం నాకూ పెట్టారు. ఊరికే బల్ల మీది గడియారం చూస్తున్నానని దాన్ని గోడవైపు తిప్పేశారు.

పొద్దు వాలుతుండగా కిటికీ దగ్గరికి పిలిచి రెండు స్లైడులూ వెలుతురుకు పట్టారు. తోడు స్లైడు గోధుమరంగు. మాది లేత నీలం.

"కండకు పట్టింది. మీ ఆయన ముక్కకు పట్టలే. గా గడ్డ గాదు."

తర్వాతి పరీక్షలో టీబీ అని తేలింది. మందులకు తగ్గింది.

మేడమ్‌ను కడసారి చూసి వస్తూ ఇద్దరం ల్యాబు ముందు ఆగాం. తాళం వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి ఆమె బల్ల కనబడింది. దాని మీద గడియారం గోడవైపు తిరిగి ఉంది.