తొమ్మిదో లెవెల్లో వేలాడే కంటైనర్

మా తమ్ముడు వదిలి వెళ్ళిన వస్తువుల్లో చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఒకటి ఉంది. తుపాకీ పట్టుకున్న మనిషి శత్రువులను కాల్చుకుంటూ ముందుకు పోయే ఆట. తమ్ముడు పోర్టులో క్రేను ఆపరేటరు. ఓడ ఆలస్యమైనప్పుడు రెస్టురూములో, సెలవురోజున గాజువాకలో మా ఇంటి మెట్ల మీద ఆడేవాడు. పోయిన చలికాలంలో గుండె ఆగి పోయాడు. ఆట పది లెవెళ్ళు. వాడు తొమ్మిదో దాంట్లో ఆగాడు.

మిగిలింది నేను పూర్తిచేద్దామనుకున్నాను. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ లైబ్రరీ చూసుకునే మనిషిని. పుస్తకాలు తప్ప ఏ ఆటా ఎరగను.

ఆట గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కథ నాసిరకం. ఎవరు ఎవరిని ఎందుకు కాలుస్తున్నారో తొమ్మిదో లెవెల్ దాకా వచ్చినా తెలియదు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, నాకు కళ్ళద్దాలున్నా చాలలేదు. మనిషిని నడిపించడానికీ, చుట్టూ చూడటానికీ ఉన్నది ఒకటే పుల్ల, బొటనవేలి కింద. దాంతో గురి నిలవదు, అటూ ఇటూ ఊగుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, ఒక్కరి ఆటే దాచుకుంటుంది. కొత్తగా మొదలుపెడితే తమ్ముడిది చెరిగిపోతుంది.

మంచి కూడా ఉంది. ఒక్కో లెవెల్ టీ తాగేంతసేపే. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఎక్కడికక్కడ ఆపేయవచ్చు. ఏ తుపాకీ శబ్దం దానిదే, కళ్ళు మూసుకున్నా పోల్చుకోవచ్చు. దాటిన లెవెళ్ళను ఎన్నిసార్లయినా మళ్ళీ ఆడనిస్తుంది. నేను వాటిమీదే నేర్చుకున్నాను.

ఒకసారి సరదాకి ఆట నా చేతికిచ్చి, గురి ఊగుతుంటే తమ్ముడు చెప్పాడు. "నువ్వు దానికి ఎదురు లాగుతున్నావక్కా. హుక్కుకి బరువు ఊగినప్పుడు నాను ఎదురు లాగను. అదెటెల్తే అటే కొంచెం ఎల్తాను. అదే నిలబడిపోద్ది." వాడున్నప్పుడు ఆ మాట తలకెక్కలేదు. ఇప్పుడు బొటనవేలికి ఎక్కింది. ఆట చేసినవాళ్ళ లోపాన్ని మా వాడు తన పనితనంతో సరిచేసుకున్నాడు. పాత లెవెళ్ళలో వాడి లెక్కలు చూస్తే గురి తప్పిన తూటాలు బహు తక్కువ.

మూడు నెలలకు తొమ్మిదో లెవెల్‌కు వచ్చాను. అది ఓడరేవు. శత్రువులందరూ తమ్ముడి చేతిలో ముందే పడిపోయారు. చివర గేటు తెరిచే ఉంది. గేటుకు ముందు, ఇరుకు దారి మీద, క్రేను హుక్కుకు ఒక కంటైనర్ వేలాడుతోంది. దాని కిందనుంచి నడిచిపోవడమే మిగిలిన పని. అది నాకు కొత్త కాదు. వాడు మెట్ల మీద కూర్చుని ఈ గేటు ముందే వారాల తరబడి తిరుగుతుంటే నేనే నవ్వాను.

"కిందనుంచి ఎళ్ళిపోరాదూ?"

"ఏలాడే బరువు కిందకి నాను ఎల్లనక్కా."

"బొమ్మ మనిషేరా."

"మనిషి బొమ్మే. వేలు నాదే గదా. వేలికి అలవాటైపోద్ది."

వేరే దారి కోసం గోడలన్నీ తడిమాడు. దొరకలేదు. దాటకుండానే పోయాడు.

దాటిన క్షణంలో ఆట దానంతట అదే దాచేసుకుంటుంది. తమ్ముడు ఆగిన చోటు ఇంకెక్కడా ఉండదు. చేతకాక ఆగి ఉంటే దాటించేదాన్నే. వాడు చేతకాక ఆగలేదు.

ఆ వారంలోనే మాసికానికి వాడి సిగ్నల్‌మాన్ వచ్చాడు. క్రేను కింద నిలబడి, పైనున్న ఆపరేటరుకు చేతి సైగలతో దారి చెప్పేవాడు. పద్దెనిమిదేళ్ళు వాళ్ళిద్దరిదీ ఒకటే జట్టు, చుట్టరికం లేకపోయినా తమ్ముణ్ణి బావ అనే పిలిచేవాడు. భోజనమయ్యాక ఆట చూపించాను.

"బావ ఇక్కడ ఆగిపోనాడా? ఇలాగియ్యక్కా, నాను దాటించేత్తాను."

"కిందనుంచే దారి."

"అయితే ఏటి? ఇదేటి నిజమా?"

మనిషిని చకచకా నడిపించాడు. కంటైనర్ నీడ నేల మీద మొదలయ్యే చోట అతని బొటనవేలు ఆగింది. ఎడమ చెయ్యి దానంతట అదే పైకి లేచి, అరచెయ్యి చాచి నిలబడింది. ఆపమనే సైగ. ఎదురుగా ఉన్నది నేనే, క్రేను కాదు. తన చెయ్యిని తనే చూసుకుని నవ్వేశాడు.

"నావల్ల కాదక్కా. సూత్తే బావ పైనుంచి తిట్టేత్తాడు."

"ఏమని?"

"'నా హుక్కు కిందకి ఒక్కడొచ్చినా నాను కిందకి దిగిపోతాను, నువ్వే ఎత్తుకో' అనీవాడు. ఒకపాలి పెద్దాఫీసరే హెల్మెట్టెట్టుకుని వచ్చేసినాడు. ఓడ ఆగిపోనాది, అందరూ అరుత్తన్నారు. బావ బరువు కదపలేదు. ఆయన పక్కకెల్లేదాకా అలాగే కూకున్నాడు."

ఈ సంగతి తమ్ముడు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"తర్వాత ఏమైనా అన్నారా?"

"మెమో ఇచ్చినారు. బావ దాన్ని మడిసి జేబులో ఎట్టుకుని, తర్వాత కంటైనర్ ఎత్తేసినాడు. అన్నేళ్ళలో మా హుక్కు కింద ఒక్కడికి గీత పడనేదక్కా. ఒక్కడికి."

అతను గేమ్ నా చేతికిచ్చాడు. నేను మనిషిని నాలుగడుగులు వెనక్కి, నీడ బయటికి నడిపించి ఆపాను.

పదో లెవెల్‌లో ఏముందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. బ్యాటరీ పాతబడింది, మూడు రోజులకే దిగిపోతుంది, అందుకని గుర్తుపెట్టుకుని చార్జి పెడతాను. కాళ్ళు చాపుకునే తీరిక దొరికితే పాత లెవెళ్ళు ఆడతాను. రెండింటిలో తమ్ముణ్ణి మించాను కూడా. తొమ్మిదో దాని జోలికి వెళ్ళను. అక్కడ తెరిచిన గేటు ముందు, వేలాడే బరువుకు ఇవతల, మా వాడు నిలబడి ఉన్నాడు.