మా బావకు వినిపించని ఉరుములు

పోయిన వారం మా బావ చనిపోయాడు. గుండె ఆపరేషన్ జరుగుతుండగానే ప్రాణం పోయింది. ఆ మాట మొదట విన్నది నేను. కింద క్యాంటీన్ దగ్గర కూర్చున్న అక్కకు వెళ్లి చెప్పిందీ నేనే. ఆయనకు వినపడనివి విని చెప్పడం ఇన్నేళ్లూ నా పని. ఆయన గురించిన ఈ కబురు కూడా నా చెవినే ముందు పడింది.

బావ అంటే మా అక్క భర్త. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, పవర్‌లూమ్ ఖాతాలో చేరాడు. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి నిలబడినవాళ్లకు చెవులు మిగలవు. బావకూ మిగల్లేదు. దగ్గరికి వెళ్లి గట్టిగా చెబితే వినేవాడు. దూరపు చప్పుడు ఏదీ ఆయన దాకా చేరేది కాదు. చెవి మిషన్ తెచ్చిపెడితే దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి, "ఇగ పోతదన్న బుగులు లేదు" అన్నాడు. బుగులంటే మా వైపు భయం.

నేను డిండోలి అనే బస్తీలో వాళ్ల పక్క గల్లీలోనే ఉంటాను. జాకెట్లు కుడతాను. నేనెంత పిరికిదాన్నో గల్లీ అంతటికీ తెలుసు. చిన్నప్పుడు మా ఊళ్లో నాట్లేస్తుంటే పక్క మడిలో పిడుగు పడి, పొద్దున నాతో కలిసి సద్ది తిన్న మనిషి లేవలేదు. అప్పటి నుంచి మబ్బు పట్టిందంటే మిషన్ ఆపి, స్విచ్చులన్నీ తీసి, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటాను. పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ.

అలాంటి నన్ను ఏరికోరి మబ్బుల కిందికి తీసుకెళ్లేవాడు మా బావ.

ఎవరో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ వద్దనుకున్న పాత కెమెరా ఒకటి ఆయన చేతికి వచ్చింది. దానితో ఆయన ఎవరి ఫోటోలూ తీయలేదు. "మనుషులు నవ్వుమంటె నవ్వుతరు. మొగులు నవ్వదు. గందుకే మొగులు దిక్కే చూస్త" అనేవాడు. మొగులంటే మబ్బు. ఆయనకు కావలసింది శివరాత్రి దాటాక వచ్చే రోజులు. పొద్దున తాపీ నది మీద పల్చటి మంచు, మధ్యాహ్నానికి దుమ్ము, సాయంత్రం పడమటి నుంచి ఉన్నట్టుండి చల్లగాలి. మోదుగులు పూసే కాలం. ఇక్కడివాళ్లు ఆ పూలను కేసూడా అంటారు. అసలైన వానాకాలంలో మాత్రం ఆయన కెమెరా బయటికే తీసేవాడు కాదు.

"వానకాలంల వాన చెప్పి వస్తది. గీ దినాలల్ల వచ్చేది చెప్పకుంట వస్తది. దాన్ని పట్టాలె," అనేవాడు.

చెప్పకుండా వచ్చేదాన్ని ఎదురు వెళ్లి పట్టుకోవడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. హోలీకి ముందు ఒక సాయంత్రం ఆకాశం నల్లబడుతుంటే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"జర నాతోని కాలువ కట్టకు రా, మరదలా."

"నేనెందుకు? అక్కను తీస్కపో."

"మీ అక్కకు బుగులే లేదు. నెత్తి మీద ఉరిమినా రొట్టెలు చేస్కుంట కూసుంటది. నాకు నీ అసొంటి పిరికిది కావాలె."

ఎగతాళి అనుకున్నాను. కాదు. మెరుపు కంటికి కనిపిస్తుంది, కానీ అది దగ్గరికి వచ్చిందో లేదో ఉరుము విని తెలుసుకోవాలి. మెరిసిన తర్వాత ఉరుము ఆలస్యమైతే దూరం, వెంటనే వస్తే దగ్గర. ఆ లెక్క బావకు తెలుసు. వినే చెవి మాత్రం లేదు. ఆయన కెమెరాలోకి చూస్తుంటాడు, నేను వెనక నిలబడి ఆయన చొక్కా అంచు పట్టుకోవాలి. ఉరుము దగ్గరైతే లాగాలి. అదీ నా ఉద్యోగం.

కట్ట మీద ఒక మోదుగు చెట్టు. ఆకు అన్నది లేదు, ఒళ్లంతా పూలే. దాని వెనక మబ్బు. అంత అందం ముందున్నా నా కంటికి ఆనలేదు, నా ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. ఒక మెరుపు మెరిసిందో లేదో ఆకాశం విరిగినట్టు చప్పుడు. నేను లాగిన లాగుడుకు చొక్కా కుట్టు ఊడింది.

"ఎంత దూరంల ఉన్నది?" అన్నాడు తిరగకుండానే.

"దగ్గరనే ఉన్నది బావా! నీకు దండం పెడ్త, పోదాం పా!"

ఆ మాటతో కెమెరా స్టాండు మడిచేశాడు. ఇంకొక్కటి తీస్తానని కూడా అనలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పుట్టినప్పటి నుంచి నా భయాన్ని చూసి నవ్వినవాళ్లే గాని, నమ్మినవాళ్లు లేరు. ఆయన నమ్మాడు. ఉరుము ఎక్కడో ఉధ్నా అవతల ఉరిమిందని అక్క వెక్కిరిస్తే, "పిరికోళ్లు చెప్పింది ఇనాలె. ధైర్యమున్నోనికి సగం ఇనపడదు" అన్నాడు. చెవులు వినపడని మనిషి ఆ మాట అంటుంటే అక్క కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఒక్కసారి మాత్రం ఇద్దరం కలిసి మోసపోయాం. ఒక సెలవునాడు అక్కా, బావా, నేనూ డుమస్ బీచికి వెళ్లాం. సముద్రం ఎక్కడో దూరంగా గీతలా ఉంది. ముందంతా నల్లటి బురద మేట. దాని మీద సురఖాబులు, అంటే గులాబీ రంగు రెక్కల పొడుగు కాళ్ల కొంగలు, ముక్కులు ముంచుకుని తిరుగుతున్నాయి. పడమట మబ్బు లేస్తోంది.

"ఎండకాలం మొదలైంది గద, నీళ్లు దిగినయి," అన్నాడు బావ.

నేనూ తలూపాను. మాది చెరువు కింది బుద్ధి. ఎండలు ముదిరితే చెరువు వెనక్కి పోతుంది, మళ్లీ వానలు పడేదాకా ఆ నేల మనదే. దాని మీద దోసకాయలు కూడా పెట్టుకోవచ్చు. సముద్రం పూట పూటకీ వెళ్లి వస్తుందని మాకు తట్టనే లేదు. అక్కను ఒడ్డున చాప మీద కూర్చోబెట్టి, కొంగల కోసం మేమిద్దరం మేట మీద చాలా దూరం నడిచాం.

నేను ఉరుము కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఉరుము రాలేదు. బియ్యం కడిగేటప్పుడు వచ్చేలాంటి చప్పుడు మాత్రం ఎక్కడి నుంచో వస్తోంది. గాలి అనుకున్నాను. అప్పుడు ఒడ్డు నుంచి మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె కేక.

"పాఛా ఆవో! పాణీ ఆవే ఛే! పాఛా ఆవో!"

వెనక్కి రమ్మంటోంది, నీళ్లు వస్తున్నాయంటోంది. నేను సముద్రం వైపు చూశాను. అది ఇంకా దూరంగానే ఉంది. తర్వాత వెనక్కి తిరిగాను. మాకూ ఒడ్డుకూ మధ్య, మేం నడిచి వచ్చిన పల్లంలో, నీళ్లు మెరుస్తున్నాయి.

చొక్కా లాగానో, ఆయన భుజాల మీదే పడ్డానో గుర్తు లేదు. పరుగెత్తబోతే నా కాలు మోకాలి దాకా దిగబడింది. లాగిన కొద్దీ రెండోది దిగుతోంది. అరవడానికి నోరు తెరిచాను. బావ స్టాండును అక్కడే వదిలేసి, కెమెరా తీసి నా మెడలో వేశాడు.

"గిది తడిస్తె నీ పని చెప్త. రెండు చేతులతోని గట్టిగ పట్టుకో. దాని దిక్కే చూడు."

నేను కెమెరానే చూశాను. ఆయన నన్ను చంకల కింద పట్టి బురదలోంచి పీకాడు. పల్లంలో నీళ్లు మా తొడల దాకా వచ్చాయి. ఒడ్డున పొత్తుల ఆమె మమ్మల్ని గుజరాతీలో తిట్టిన తిట్లు అక్క తెలుగులో తిట్టిన తిట్లకు ఏమాత్రం తీసిపోవు. బావ ఇద్దరికీ చేతులు జోడించి నవ్వాడు.

ఆటోలో మాత్రం ఆయన మోకాళ్లు కొట్టుకోవడం చూశాను. రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకుని, నా చెవి దగ్గరికి వంగి, గుసగుసలాడుతున్నాననుకుని తన మామూలు పెద్ద గొంతుతోనే, "నాకు గుడ బుగులైంది పిల్లా. మీ అక్కకు చెప్పకు" అన్నాడు. ఆయన పక్కనే కూర్చున్న అక్క తన కొంగుతో ఆయన కాళ్ల బురద తుడవసాగింది.

కొన్నాళ్లకు చేపలవాళ్లను అడిగి పోటు వేళలు తెలుసుకుని మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు. నేను రానని ఏడ్చాను. "ఏడ బుగులు పడ్డమో గాడికి ఇంకోపారి పోవాలె పిల్లా. లేకుంటె గదే మనింటికి వచ్చి కూసుంటది" అన్నాడు. వెళ్లాను. భయం పోలేదు. కాని దాన్ని వెంట తీసుకుని నడవొచ్చని తెలిసింది.

ఈ వసంతంలో మెట్లెక్కుతుంటే ఆయనకు ఆయాసం మొదలైంది. డాక్టరు దగ్గర కూడా నేనే ఆయన చెవి పక్కన కూర్చున్నాను. ఆపరేషన్ ప్రమాదమే, చేయకపోతే ఇంకా ప్రమాదం అని ఆ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. బావ నా ముఖంలోకి చూశాడు.

"ఏమంటుండు? దూరంల ఉన్నదా, దగ్గరనా?"

తేలిక చేసి చెప్పొచ్చు. కాని నా మాటను ఏనాడూ అనుమానించని మనిషి ఆయన.

"దగ్గరనే ఉన్నది బావా."

తలూపాడు. వార్డులో మంచం మీద పడుకున్నాక, "నాకు మస్తు బుగులైతుంది" అన్నాడు. ఆ గొంతుకు వార్డంతా ఇటు తిరిగింది. అక్క మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఉరుములకు రొట్టెలు చేసుకునే మా అక్క ఆయన చెవిలో, "నాకు గుడ" అంది. అక్క నోటి నుంచి ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఆపరేషన్ నాటి పొద్దున గాలి మారింది. కాలం కాని కాలంలో వచ్చే ఈ వానను ఇక్కడ మావఠు అంటారు. స్ట్రెచర్ మీద పడుకునే కిటికీ వైపు చూసిన బావ, ఇంటి నుంచి తెచ్చుకున్న కెమెరా నా చేతిలో పెట్టమని అక్కకు సైగ చేశాడు.

"మంచిగ మొగులైతుంది. తియ్యి. నేనొచ్చినంక చూస్త."

అంతకు ముందు నేను ఒక్క ఫోటో కూడా తీసి ఎరగను. ఏది నొక్కాలో చూపించాడు. ఆయన వేలు చల్లగా ఉంది. ఆయన్ను లోపలికి తీసుకెళ్లాక ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. అక్క అక్కడ నిలబడలేక కిందికి దిగింది.

నేను వరండా కిటికీ దగ్గర నిలబడి తీయడం మొదలుపెట్టాను. దుమ్ము లేచింది, తీశాను. వెలుతురు పసుపు పచ్చగా మారింది, తీశాను. ఉరిమింది. అయినా కదల్లేదు. నేను తీస్తున్నంతసేపూ లోపల ఆయనకు ఏమీ కాదని ఎందుకో గట్టిగా నమ్మాను. చినుకులు మొదలయ్యాయి. ఎదురుగా వేపచెట్టు లేత చిగుళ్లు గాలికి తిరగబడుతున్నాయి.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. చెప్పుల చప్పుడు విన్నాను. అది నా వైపే వస్తోంది.

"దర్దీ సాథే కోణ్ ఛే?" పేషెంటుతో ఉన్నది ఎవరని అడుగుతున్నారు.

నేను తిరగలేదు. వినపడనట్టే నిలబడి వేపచెట్టును తీశాను.

"బెహెన్," అన్నారు, ఇంకా దగ్గరగా.

కన్ను కెమెరాకు ఇంకా గట్టిగా ఆనించి మళ్లీ నొక్కాను. ఆ చివరి ఫోటోలో వేపచెట్టు పక్కకు ఒరిగి ఉంది, వాన దాదాపు అడ్డంగా పడుతోంది. ఆ ఒరుగుడు గాలిది కాదు. నేను నొక్కుతుండగానే నా భుజం మీద చెయ్యి పడింది.