పరీక్షకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మనుబోలు పక్కన మా పల్లెలో, ఎవరింట్లోనైనా పెళ్లో సీమంతమో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకూ వచ్చేవాళ్లు. బొట్టు పెట్టి చెబితేనే అది పిలుపు. అలా చెప్పాక ఆ పని మానుకోవడం ఇంటిల్లిపాదికీ నామర్దా.

పక్కింటి అక్కను భర్త పుట్టింట్లో దించి వెళ్లి, మళ్లీ రాలేదు. ప్రైవేటుగా మెట్రిక్ పాసైతే నెల్లూరులో టీచర్ ట్రైనింగుకు వెళ్లవచ్చు. లేకపోతే అన్నావదినల వంటింట్లోనే బతుకంతా. అంతకుముందు ఒకసారి ఎవరికీ చెప్పకుండా చదవడం మొదలుపెట్టి, ఫీజు కట్టే వేళకు భయపడి మానేసింది. ఎవరికీ తెలియదు గనక ఎందుకు మానేశావని అడిగినవాళ్లూ లేరు.

ఒక సాయంత్రం అక్క భరిణె నా చేతికిచ్చి వెంట రమ్మంది. మొదటి ఇంట్లో, ఊరంతా అత్తా అని పిలిచే ముసలావిడ బొట్టు పెట్టించుకుని అడిగింది.

"ఏందిమే, మీ ఇంట్లో పెండ్లి ఎవురికి?"

"పెండ్లి కాదత్తా. మార్చిలో మెట్రిక్ రాస్తుండా. కనపడినప్పుడల్లా ఎందాకా వచ్చిందని అడగండి."

"దానికి బొట్టెందుకే? మేమొచ్చి వడ్డించాల్నా?"

ఇంట్లోవాళ్లంతా పకపకా నవ్వారు. అక్క ముఖంలో ఏ మార్పూ లేదు. పక్క గడప ఎక్కింది.

ఆ తర్వాత బావి దగ్గర, చాకిరేవు దగ్గర అందరూ అడిగేవాళ్లు. కొందరు వేళాకోళానికి, కొందరు నిజంగానే. "లెక్కలెందాకా వచ్చినాయిమే?" అని, పొయ్యి మీది కూర సంగతి అడిగినట్టే అడిగేవాళ్లు. అడుగుతారనే భయంతో అక్క పొద్దున్నే లేచి పుస్తకం ముందు కూర్చునేది.

ఫలితాల పేపరులో అక్క నంబరు లేదు. ఏడవలేదు. అరుగు మీద కూర్చుని ఆ పేపరును చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ పోయింది. పక్కన కూర్చున్న నాకూ ఏడుపు రాలేదు. రావాలని తెలుసు, అంతే. కాసేపటికి లేచి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, భరిణె తెచ్చి నా చేతికిచ్చింది.

"యాడికక్కా?"

"చెప్పినోళ్లకు మళ్లీ చెప్పొద్దా?"

అవే గడపలు, అదే గొంతు. "తప్పినానమ్మా, లెక్కల్లోనే పొయ్యుంటాది. సెప్టెంబరులో మళ్లీ రాస్తా. అడగతా ఉండండి." ఒకరిద్దరు నుదురు ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయారు. ముసలావిడ మాత్రం నా చేతిలోంచి భరిణె లాక్కుని అక్కకే బొట్టు పెట్టింది.

"పొయ్యి చదువుకోమే. నవ్వినోళ్ల సంగతి నేను చూసుకుంటాలే."

"ముందు నవ్వింది నువ్వే గదత్తా."

"అందుకే చెప్తుండా."

సెప్టెంబరులో అక్క పాసైంది, ట్రైనింగుకు వెళ్లింది. ఆ సంతోషం నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా తప్పిన రోజు సాయంత్రం, తొట్టి దగ్గర ఎంత తోమినా ఎర్రగానే మిగిలిన ఆమె ఉంగరపు వేలు.

ఇన్నేళ్లకు, నాకు పాప పుట్టాక బి.ఏ. ఆఖరి సంవత్సరం అలాగే ఆగిపోయింది. ఈ మధ్య పాప దగ్గినా ఉలిక్కిపడి లేస్తాను. తక్కిన వేటికీ మనసు కదలదు. అయినా మొన్న ఎదురింటావిడతో, ఈసారి పరీక్షకు కడుతున్నానని అనేశాను. చెబుతున్నప్పుడు చేతిలో భరిణె లేకపోయినా, ఉంగరపు వేలు తడుముకున్నాను.

ఈ ఉదయం పాలు పోయించుకుంటూ ఆవిడ అడిగింది, "ఎందాకా వచ్చిందమ్మా?" అని.

ఇంకా పుస్తకం తెరవలేదని ఉన్నమాటే చెప్పాను. రేపు కూడా అడగమన్నాను.