చిన్‌యే వదిన వదిలిన పిట్టలు

మా దీవి తూర్పు తీరంలో పిగిలిపిట్టకు నల్లటి తల, ముక్కు మొదట్లో చిన్న నారింజ చుక్క. కొండల అవతల, పడమటి దిక్కున ఉండే దాని చుట్టానికి తల వెనక తెల్లటి మచ్చ. మిగతా ఒళ్ళంతా ఒకే అచ్చు. కూత కూడా ఇంచుమించు ఒకటే. మధ్యలో కొండలు అడ్డున్నంత కాలం ఎవరి తల వాళ్ళదే. ఆ తెల్లమచ్చ పిట్టల్ని కొండలు దాటించింది మా పక్కతోట చిన్‌యే వదినలాంటి భక్తురాళ్ళు.

అలాగని వదిన చెడ్డదా అంటే, ఆమె అంత మంచి మనిషి మా తైతుంగ్ జిల్లా మొత్తంలో లేదు. భర్త హాయ్‌షెంగ్ అన్నకు పక్షవాతం వచ్చినప్పుడు గ్వాన్‌యిన్ అమ్మవారికి మొక్కుకుంది. ఆయన లేచి తిరిగితే, ఆయన ఉన్నన్నాళ్ళూ ఏటా పంజరం పిట్టల్ని వదులుతానంది. అన్న లేచాడు. బజారులో దొరికేవన్నీ పడమట పట్టి తెచ్చిన తెల్లతలలే. వాటినే కొని ఏటా తన సీతాఫలం తోటలో వదిలింది. పుణ్యం చేసేటప్పుడు పిట్ట తల రంగు ఎవరు చూస్తారు?

ఒక ఏడు వసంతంలో ఒక నల్లతల, ఒక తెల్లతల కలిసి ఆ తోటలోనే గూడు కట్టాయి. పిల్లకు ఈకలు మారేసరికి దాని నల్లటి తల మీద బూడిద పూసినట్టు మరక తేలింది. కర్ర పట్టుకుని చెట్టు కింద నిలబడి అన్న చాలాసేపు చూశాడు.

"ఏమేవ్, నల్లతల పిట్ట ఈ తీరంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇట్లా కలిసిపోతూ ఉంటే మన మనవలకి అది కనబడదు. ఈ ఏడు వదలకు."

"వదలకపోతే నీకేమన్నా అయితే? నాకు నీ తల ముఖ్యం, పిట్ట తల కాదు!"

అప్పటికే పంజరం కొని వసారాలో పెట్టుకుంది. రాత్రంతా నిద్రపోలేదట.

మర్నాడు నన్ను తోడు తీసుకుని గుడికి వెళ్ళింది. చంద్రవంక చెక్కలు రెండు నేల మీద వేసి అమ్మవారిని అడగడం మా అలవాటు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఆవిడ ఒప్పుకున్నట్టు.

"మొక్కు మానెయ్యనా తల్లీ?" రెండూ బోర్లా పడ్డాయి.

"పిట్టల బదులు చేపల్ని వదలనా?" మళ్ళీ బోర్లా. వదిన చెక్కలు ఏరుకుంది. నేను ఉండబట్టలేకపోయాను.

"అమ్మవారు వదలమంటోంది గానీ, నీ తోటలోనే వదలమందా వదినా? వాటిని పుట్టింటికి పంపకూడదూ?"

వదిన కళ్ళు మూసుకుని అదే అడిగింది. ఒకటి బోర్లా పడింది, ఒకటి వెల్లకిలా.

పంజరానికి గుడ్డ కప్పి, అన్నను పక్కన కూర్చోబెట్టుకుని, రైల్లో కొండలు దాటింది. నేనూ వెళ్ళాను. పడమటి వైపు తైనాన్ పొలాల్లో పంజరం తలుపు తీయగానే పిట్టలు తమవాళ్ళలో కలిసిపోయాయి.

"చూశావా, బతికే ఉన్నాను," అన్నాడు అన్న.

"నోర్ముయ్, దిష్టి తగులుతుంది," అంది వదిన.

ఇంటికొచ్చేసరికి మరకతల పిట్ట కొమ్మ మీద కూస్తోంది. వదిన మిగలపండిన సీతాఫలం చీల్చి గోడ మీద పెట్టింది. అది దిగి తింటుంటే చూస్తూ నిలబడింది.

"మరి దీన్ని ఎక్కడికి తీసుకెళ్ళి వదలను?" అని అడిగింది నన్ను.