కత్తీ, విల్లూ, మామయ్య అనుమానం

మామయ్య ఈ లోకంలో దేన్నీ నమ్మడు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతాది సులువు.

పొద్దున్నే గోడ గడియారం ఆరు కొడితే లేచి, రేడియో పెట్టి, అది కూడా ఆరే అంటే "రెండూ కూడబలుక్కున్నాయి" అనుకునే మనిషి. లిఫ్టులో "ఆరుగురికి మించి ఎక్కరాదు" అని రాసి ఉంటే, ఆ ఆరుగురూ ఎంత లావుండాలో రాయలేదేమని అడిగి, మెట్ల దారి పడతాడు. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ మనిషి ఇంకెవరికైనా పెడుతున్నాడేమోనని.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ముప్ఫయ్యొక్కేళ్ళు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఒకసారి నూట మూడు జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళ్తే, బరువు చూసే యంత్రం ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, "డాక్టరు గారూ, మీ యంత్రం నాలుగొందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు. జ్వరం తలకెక్కిందనుకుని డాక్టరు సూది పొడిచాడు. వారం తర్వాత మెకానిక్కు వచ్చి చూస్తే తేడా సరిగ్గా నాలుగొందల గ్రాములే.

అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. తనిఖీ చేయడానికి ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే.

"ఏమే, ఆదివారాలు మీ షాపులో ఏదో ఆట ఆడతారటగా, మీ మామయ్యను కూడా తీసుకుపో" అని అత్తయ్య మేనకోడలికి ఫోను చేసింది.

"ఆయనకి నచ్చదేమో అత్తయ్యా. కోటలూ, రాక్షసులూ..."

"రాక్షసులైతే మరీ మంచిది, ఆయన్ని తట్టుకోగలరు. నిన్న నేను దగ్గితే, నిజంగా దగ్గావా, కావాలని దగ్గావా అని అడిగారే తల్లీ!"

మేనకోడలు కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. షాపు వెనక గదిలో పొడుగాటి బల్ల, చుట్టూ అలమరల్లో ప్లాస్టరు దవడలు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ దవడల మధ్య నాలుగేళ్ళుగా ఆట నడుస్తోంది. ఆటంటే మరేం లేదు. మేనకోడలు ఒక కథ చెబుతుంది. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిగా ఉంటారు. కత్తి దూస్తానంటే, దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. అంకె పెద్దదైతే తగిలినట్టు, చిన్నదైతే గాలికి పోయినట్టు. రాక్షసుల బొమ్మల్ని ఆమె మిగిలిపోయిన ప్లాస్టరుతో పోస్తుంది. అందుకే ఆ బల్ల మీద ఎంత ఘోరమైన మృగానికైనా నోటినిండా చక్కటి మనిషి పళ్ళు ఉంటాయి.

ఆడేవాళ్ళు ముగ్గురు. లెక్కల మాస్టారు మంత్రగాడు. తలుపులోంచి తల ఒంచుకుని రావలసినంత మనిషి బస్సు డ్రైవరు, ఆయన సన్నటి దొంగ. ఎప్పుడూ నోరెత్తని నర్సమ్మ గండ్రగొడ్డలి పట్టిన వీరనారి.

నాలుగోవాడిగా మామయ్యను కూర్చోబెట్టి, మేనకోడలు తెల్ల కాగితం ముందు పెట్టింది. కథలో తన మనిషి ఎలాంటివాడో అందులో రాసుకోవాలి. దాన్ని వాళ్ళు జాతకం అంటారు.

"మామయ్యా, నీ యోధుడు కత్తి పట్టేవాడా, విల్లు పట్టేవాడా?"

"శత్రువు దగ్గర్నుంచి వస్తాడా, దూరం నుంచి వస్తాడా?"

"ముందే చెబితే ఇంక ఆటేముంది?"

"చెప్పవు. చెప్పకుండా ఒకటే ఆయుధం పట్టమంటావు. ఇందులో నీకేంటమ్మా లాభం?"

మాస్టారు కల్పించుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, యోధుడికి పంచుకోమని ఇచ్చిన పాయింట్లన్నీ బలంలో పోస్తే కత్తి దెబ్బకి కొండ చీలుతుంది. చురుకుదనంలో పోస్తే బాణం చీమ కంటికి తగులుతుంది. సగం సగం పోశారనుకోండి, కొండా చీలదు, చీమా చావదు."

"కొండని నేనెందుకు చీల్చాలి? అదేం చేసింది నన్ను?"

మూడు ఆదివారాలు పట్టింది ఆ జాతకం. విల్లు చేతిలో ఉండగా శత్రువు మీదికొస్తే, విల్లు పడేసి కత్తి దూయడానికి ఎంతసేపు? ఒక వంతు పోతుందా? పోకుండా ఉండాలంటే ఏ నేర్పు కావాలి? పడేసిన విల్లు ఎవరిది, తర్వాత తిరిగి ఇస్తారా? నియమాల పుస్తకాన్ని ఆయన భూతద్దం పెట్టి చదివాడు. రెండు నేర్పులు ఎంచుకోవచ్చంటే, మొదటిది కత్తిని రెప్పపాటులో దూసే నేర్పు తీసుకున్నాడు. రెండోది, తనవాళ్ళు శత్రువుతో కలబడి ఉన్నప్పుడు తనవాళ్ళకి తగలకుండా బాణం వేసే నేర్పు.

మాస్టారు తల పట్టుకున్నాడు. "దాని బదులు రెట్టింపు దెబ్బ తీసుకోండి సార్. అందరూ అదే తీసుకుంటారు."

"అందరూ అదే తీసుకుంటున్నారంటే ఏదో మతలబు ఉన్నట్టే. అయినా, మీరు ఏ క్షణాన ఎటు గెంతుతారో నాకు నమ్మకం లేదు. నా బాణం మీకు తగిలితే ఎవరు జవాబు చెప్పాలి?"

అలా ముందు వరసకీ వెనక వరసకీ మధ్య నిలబడి, దగ్గరికొస్తే కత్తి, దూరం పోతే విల్లు పట్టే యోధుడు తయారయ్యాడు. డ్రైవరు వాడికి ఉభయచరుడని పేరు పెట్టాడు. "కప్ప కూడా ఉభయచరమే" అన్నాడు మామయ్య, అనుమానంగా.

ఆ తర్వాత కథ ముందుకి నడవడం కష్టమైపోయింది. వీరులు సత్రంలో దిగితే, ఉభయచరుడు సత్రంవాడి కొలపాత్ర అడుగు లోపలికి నొక్కి ఉందేమో చూశాడు. ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. మరో ఆదివారం, కోట బురుజులో మూడేళ్ళుగా బందీగా ఉన్న రాకుమారి ఏడుస్తూ ఎదురొచ్చింది.

"మూడేళ్ళ నుంచి బందీ అంటున్నావు. జుట్టు అంత నున్నగా ఎలా ఉంది?"

"మామయ్యా, ఇది కథ!"

"కథైతే మాత్రం దువ్వెన ఎక్కడిది?"

ఆ క్షణం దాకా ఆవిడ నిజంగా రాకుమారే. దువ్వెనకి జవాబు దొరక్క మేనకోడలు అప్పటికప్పుడు ఆవిణ్ణి మంత్రగత్తెను చేసేసింది. మామయ్య "నేను చెప్పలేదూ" అన్నట్టు అందరి వంకా చూశాడు.

ఇక పాచికల సంగతి. ఎవరి పాచికైనా ఒకవైపు బరువుందేమోనని ఉప్పు నీళ్ళలో తేలేసి చూసేవాడు. నర్సమ్మ పాచికని నాలుగుసార్లు తేలేశాడు. పాపం ఆవిడ ఏమేసినా రెండో మూడో పడేది. ఆరు నెలల్లో గొడ్డలి ఒక్కసారీ దేనికీ తగల్లేదు. "లాభం లేదు, ఇది బాగానే ఉంది" అని నాలుగోసారి మామయ్య పాచికని తుడిచి తిరిగిచ్చాడు. దోషం దొరకనందుకు ఆయన మొహం అంత చిన్నబోవడం మేనకోడలు అదే మొదటిసారి చూసింది.

తన పాచికని మాత్రం ఆయన బల్ల మీద వేసేవాడు కాదు. బల్ల ఎడమవైపుకి వాలి ఉందన్నాడు. మట్టపు బద్ద పెట్టి చూస్తే నిజంగానే వాలి ఉంది. అంచేత ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అందులో వేసేవాడు. ఆయన తొంగి చూసి అంకె చెప్పాలి, మిగిలినవాళ్ళు వినాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఒక ఆదివారం, మామయ్య వెళ్ళిపోయాక, మాస్టారు జేబులోంచి కాగితం తీశాడు.

"అమ్మా, మా ముగ్గురి ప్రాణాల మీదికి ఈ ఆరు నెలల్లో తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లూ ఇన్‌స్పెక్టర్ గారి బాణమో, కత్తో తగిలి బతికాం. సగం సగం అవకాశమున్న దెబ్బ. అది వరసగా తొమ్మిదిసార్లు తగలాలంటే అయిదొందల పన్నెండులో ఒక వంతు."

"అంటే?"

"అంటే ఆ డబ్బాలో పడే అంకె ఒకటి, ఆయన చెప్పేది ఒకటి."

"ఊరుకోండి మాస్టారూ. ఊరందరి తక్కెళ్ళూ తనిఖీ చేసినాయన" అన్నాడు డ్రైవరు.

"అందుకే. దొంగ తూకం ఎలా వేయాలో ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

"మరి డబ్బాలో ఎందుకు వేస్తారో" అంది నర్సమ్మ. ఆవిడ నోరు విప్పిందంటే విషయం ముదిరినట్టే.

మాస్టారు లేచాడు. "వచ్చే ఆదివారం నువ్వే తేల్చు. దొంగాటని తేలితే, ఆయనుంటే నేనుండను."

మాస్టారు పోతే డ్రైవరూ పోతాడు, ఇద్దరూ ఒకే ప్రాణం. నాలుగేళ్ళ ఆట మూతపడుతుంది. పోనీ మామయ్యనే పంపేద్దామంటే, అత్తయ్య మాట గుర్తొచ్చింది. "శనివారం సాయంత్రానికే పెన్సిలు చెక్కుకుని కూర్చుంటున్నారే. నాకు ఇంట్లో దగ్గే స్వేచ్ఛ వచ్చింది." బతుకంతా తప్పుడు తూకాలు పట్టుకున్న మనిషి మొహం మీద "నీదే తప్పుడు తూకం" అని ఎలా అనడం? ఆ వారం ఆమె ఒక పెద్దాయన పై దవడని కింది దవడగా చేసి పంపింది.

ఆదివారం వచ్చింది. పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే పుల్ల అద్దం ఒకటి ఆమె అరచేతిలో దాచుకుంది. పుచ్చిన పన్ను ఎంత మూలన నక్కినా పట్టించే అద్దం అది. కథ చెబుతూ బల్ల చుట్టూ తిరుగుతున్నట్టు తిరిగి, మామయ్య కుర్చీ వెనక ఆగింది.

గుహలోంచి మృగం వచ్చింది. ముప్ఫయ్‌రెండు పళ్ళూ తళతళలాడుతున్నాయి. రెండు వంతుల్లో డ్రైవరు తాలూకు దొంగ దాని నోట్లో పడ్డాడు.

"ఇప్పుడు నమిలేస్తుంది. మామయ్యా, నీ వంతు. పదకొండో, అంతకన్నా ఎక్కువో పడాలి."

"విల్లు" అన్నాడు మామయ్య. డబ్బా గలగలమంది. మేనకోడలు ఆయన భుజం మీదుగా అద్దం వంచింది. నాలుగు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "పదిహేడు."

"హమ్మయ్య!" అని డ్రైవరు కుర్చీలో వెనక్కి వాలాడు. కుర్చీ కిర్రుమంది. మాస్టారు మేనకోడలి వంక కనుబొమ్మలెగరేశాడు. దొంగే. సొంత మామయ్య, పట్టపగలు, బిస్కెట్ల డబ్బాలో.

యుద్ధం సాగింది. మృగానికి కొసప్రాణం మిగిలింది, ఇంకొక్క దెబ్బ చాలు. ఉభయచరుడు విల్లు పడేసి, రెప్పపాటులో కత్తి దూసి, దాని మెడ పక్కన నిలబడ్డాడు. డబ్బా గలగలమంది. అద్దంలో ఇరవై. అంతకు మించిన అంకె ఆ పాచికలో లేదు.

మామయ్య ఆ ఇరవైని కాసేపు చూశాడు. తర్వాత వంతు ఎవరిదో చూశాడు. నర్సమ్మది.

"మూడు" అన్నాడు. "కత్తి జారింది. తుప్పు పట్టినట్టుంది. ఆ కమ్మరి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే."

నర్సమ్మ రెండు చేతుల మధ్య పాచికని నలిపి నలిపి వదిలింది. అది దొర్లి మేనకోడలి చేతి పక్కన ఆగింది. తొమ్మిది. పది కావాలి.

"తప్పిందా?" అంది నర్సమ్మ, అలవాటైన గొంతుతో.

"తగిలింది" అంది మేనకోడలు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "తల తెగి పడింది."

నర్సమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. నాలుగేళ్ళుగా గుసగుస తప్ప ఎరగని మనిషి, "చచ్చింది ముండ!" అని అలమరల్లో దవడలదిరేలా అరిచి, వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆట అయ్యాక మామయ్య కాఫీ కప్పులు కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఇంకొకళ్ళు కడిగితే ఆయనకి నమ్మకం లేదు. ముగ్గురూ మేనకోడలి చుట్టూ చేరారు.

"చూశావా?" అన్నాడు మాస్టారు.

"చూశాను."

"దొంగాటేనా?"

"దొంగాటే. నాలుగు పడితే పదిహేడన్నాడు."

"నేను చెప్పలే!"

"తర్వాత, ఇరవై పడితే మూడన్నాడు."



"ఇరవై పడితేనా?" అన్నాడు డ్రైవరు. "అంటే మృగాన్ని ఆయనే..." అని నర్సమ్మ మొహం చూసి మిగతాది మింగేశాడు.

మాస్టారు కాగితం తీశాడు. దాని మీద వేలు పెట్టి వెనక్కి వెనక్కి పోయాడు. కిందటి నెల కొండచిలువని ఒక్క మంత్రంతో బూడిద చేసింది ఆయనే. ఆ కథని తొమ్మిదో తరగతి మూడు సెక్షన్లకీ చెప్పాడు, నల్లబల్ల మీద బొమ్మ కూడా గీశాడు. ఆ మంత్రానికి ముందు వంతు ఎవరిది? ఇన్‌స్పెక్టర్ గారిది. ఏమైంది? బాణం తప్పింది. గాలి ఎదురొచ్చిందన్నారు. గుహ లోపల.

మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"అమ్మా, నువ్వు చూసింది అద్దంలోనా?"

"అద్దంలోనే."

"అద్దంలో ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. తిరగబడిన అంకెల్ని చూసి అది నాలుగని, ఇది ఇరవయ్యని ఎలా అంటావు? చెల్లదు."

"నిజమే, నా బస్సు అద్దంలో కూడా వెనక బోర్డులన్నీ తిరగబడే ఉంటాయి" అన్నాడు డ్రైవరు. మొన్నామధ్య ఆటలో ఆయన దొంగ చంపిన తోడేలు బొమ్మ ఆ బస్సు అద్దం కిందే అతికించి ఉంది.

"మరి తొమ్మిదికి తొమ్మిది?" అంది మేనకోడలు. "అయిదొందల పన్నెండులో ఒక వంతన్నారు."

"తొమ్మిదంటే ఏపాటి సంఖ్యమ్మా! అంత చిన్న లెక్కతో ఒక పెద్దమనిషి మీద నిందేస్తారా ఎవరైనా? కనీసం వంద ఆదివారాలు చూడాలి."

"రెండొందలు" అంది నర్సమ్మ గట్టిగా.

కప్పులు తుడుచుకుంటూ మామయ్య లోపలికొచ్చాడు. మాస్టారు చప్పున లేచి తన కుర్చీ ఆయన వైపుకి జరిపాడు. "కూర్చోండి సార్, అలిసిపోయారు. వచ్చే ఆదివారం కాస్త పెందలాడే రండి. మీరు లేందే మొదలుపెట్టం."

మామయ్య కూర్చోలేదు. ఆ కుర్చీ వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. కప్పులు అలమరలో పెట్టే నెపంతో మేనకోడల్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఆ మాస్టారి మీద ఓ కన్నేసి ఉంచు. ఇంత మర్యాద ఊరికే రాదు. ఈయన పాచికల్లో ఏదో చేస్తున్నాడు."